ఏఎండీ వాటా పెరుగుదల: డిజైన్ గెలుపా, ఇంటెల్ తయారీ వైఫల్యమా?

బిట్టు_బైటు (చర్చ ప్రారంభం)

మార్కెట్ పరిశోధన సంస్థ మెర్క్యురీ రీసెర్చ్ లెక్కల ప్రకారం 2024 మూడో త్రైమాసికంలో అమ్ముడైన ఎక్స్86 ప్రాసెసర్ల (చాలా పీసీలు, సర్వర్లలో ఉండే, ఒకే సూచనల భాషను పాటించే చిప్‌ల) సంఖ్యలో చిప్ సంస్థ ఏఎండీకి డెస్క్‌టాప్‌లలో 28.7 శాతం, ల్యాప్‌టాప్‌లలో 22.3 శాతం, సర్వర్లలో 24.2 శాతం వాటా దక్కింది. మిగిలినదంతా దాదాపుగా దాని ప్రధాన ప్రత్యర్థి ఇంటెల్‌దే. అదే త్రైమాసికానికి ఇంటెల్ 1,660 కోట్ల డాలర్ల నష్టాన్ని ప్రకటించింది. నవంబరులో డౌ జోన్స్ సూచీ నుంచి దాన్ని తప్పించి గ్రాఫిక్స్ చిప్‌ల సంస్థ ఎన్విడియాను చేర్చారు. ఏఎండీ మొదటి రైజెన్ ప్రాసెసర్ వచ్చిన 2017 మార్చి నుంచీ ఇంటెల్ పని అయిపోయిందని ఏటా వింటూనే ఉన్నాము. పని అయిపోయిన సంస్థ చేతిలో ఇంకా ముప్పాతిక మార్కెట్ ఎలా ఉంది?

ఏఎండీ నిజంగా డిజైన్‌తో గెలుస్తోందా, ఇంటెల్ తయారీలో తడబడటం వల్ల లాభపడుతోందా, ఈ రెండూ కాక వాటాను నిర్ణయించే మూడో సంగతి ఏదైనా ఉందా అన్నది నా సందేహం. ఏ చిప్ కొనాలన్న సలహాలు వేరే చర్చలో పెట్టుకుందాం. ఇక్కడ వాటా గురించే మాట్లాడుకోవాలని మనవి.

పార్క్‌లేన్_కౌంటర్

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్డ్ సిస్టమ్‌లు అమ్ముకునేవాడిని కనుక నాకు కనిపించేది చెబుతాను. మా కౌంటర్ దగ్గర వాటా మారడానికి ఏడేళ్లు పట్టలేదు. విడిభాగాలు తామే ఎంచుకుని కొనే కుర్రవాళ్లు మూడేళ్లలోపే అటు మళ్లారు. దానికి కారణం కూడా సూటిగానే ఉంది. 2017 ఆరంభంలో ఇంటెల్ సాధారణ డెస్క్‌టాప్ శ్రేణిలో పైచిప్ అయిన ఐ7-7700కే లో 4 కోర్లే (చిప్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఉండేవి. 8 కోర్లు కావాలంటే వెయ్యి డాలర్లు దాటిన ఐ7-6900కే కొనాలి. ఏఎండీ 8 కోర్ల రైజెన్ 7 1800ఎక్స్‌ను 499 డాలర్లకు తెచ్చింది.

అంతకన్నా ఎక్కువగా పని చేసింది సాకెట్, అంటే బోర్డు మీద చిప్‌ను బిగించే చోటు. ఆ ఏడాది చివర్లో వచ్చిన ఇంటెల్ 8వ తరం చిప్‌కు, సాకెట్‌లో అదే 1151 పిన్నులు ఉన్నప్పటికీ, కొత్త 300 సిరీస్ బోర్డు తప్పనిసరి అయింది. ఏఎండీ ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డు కొన్నవాడు మాత్రం బయోస్ (బోర్డులోని ప్రారంభ ప్రోగ్రాము) అప్‌డేట్ చేయించుకుని అదే బోర్డులో తర్వాతి తరాల చిప్‌లు పెట్టుకోగలిగాడు. దీనిలోనూ ఒక తలనొప్పి ఉంది. పాత స్టాక్ బోర్డులో కొత్త చిప్ బిగిస్తే ఫ్యాన్ తిరుగుతుంది కానీ డిస్‌ప్లే రాదు. అందుకని మా దగ్గర ఒక పాత రైజెన్ చిప్‌ను డ్రాయర్‌లోనే ఉంచుకునేవాళ్లం. ముందు దాన్ని బిగించి, బయోస్ ఎక్కించి, తీసి, ఆ తర్వాతే కొనుగోలుదారు చిప్‌ను కూర్చోబెట్టేవాళ్లం. ఏఎం4 లో పిన్నులు చిప్‌కే ఉంటాయి కనుక ప్రతిసారీ ఊపిరి బిగబట్టి చేయవలసిన పని అది.

అయితే మా మార్కెట్‌ను చూసి దేశమంతా ఇలాగే ఉందని అనుకోకూడదు. పిల్లవాడికి కంప్యూటర్ కొనడానికి వచ్చిన తండ్రి ఈ రోజుకీ "ఐ5 సిస్టమ్ ఎంత?" అనే అడుగుతాడు. ఆయన దృష్టిలో ఐ5 అంటే ఇంటెల్ అనే ఒక కంపెనీ సరుకు కాదు, ఒక స్థాయి కంప్యూటర్. కాలేజీల, కార్యాలయాల కొటేషన్లలో కూడా ఆ పేరే ముందుగా వచ్చి కూర్చుంటుంది.

వేఫర్‌వాసి

నేను హైదరాబాదులో చిప్ వెరిఫికేషన్ రంగంలో ఉన్నాను. పైన పేర్కొన్న రెండు సంస్థల్లో దేనిలోనూ పని చేయడం లేదు. బిట్టు_బైటు గారి ప్రశ్నలో డిజైన్, తయారీ రెండూ వేర్వేరు అన్న భావన ఉంది. ఇంటెల్ విషయంలో ఆ రెండూ విడదీయలేనంతగా ముడిపడి ఉండటమే అసలు చిక్కు.

ఇంటెల్ 14 నానోమీటర్ల తయారీ ప్రక్రియను (ఈ అంకె తగ్గేకొద్దీ ట్రాన్సిస్టర్లు మరింత దట్టంగా పడతాయి) 2014లో మార్కెట్‌లోకి తెచ్చింది. 10 నానోమీటర్లు 2016 ప్రాంతంలో రావలసి ఉంది. ఒకే అడుగులో ట్రాన్సిస్టర్ సాంద్రతను 2.7 రెట్లు పెంచాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందుకోసం అతి సన్నని గీతలను పలుమార్లు ముద్రించవలసి వచ్చింది, కింది పొరల తీగల్లో రాగి బదులు కోబాల్ట్ వాడారు. మంచి చిప్‌లు తగినన్ని చేతికి రాలేదు. చెప్పుకోదగ్గ పరిమాణంలో 10 నానోమీటర్ల చిప్‌లు 2019లో ఐస్ లేక్ ల్యాప్‌టాప్‌లతోనే వచ్చాయి. డెస్క్‌టాప్ అయితే 2021 మార్చి నాటి రాకెట్ లేక్ వరకూ 14 నానోమీటర్ల మీదే నడిచింది. ఈ మధ్యకాలంలో ఇంటెల్ డిజైన్ ఇంజనీర్లు ఖాళీగా ఏమీ లేరు. సన్నీ కోవ్ అనే కొత్త కోర్ డిజైన్‌ను సిద్ధం చేశారు, కానీ దాన్ని 10 నానోమీటర్ల కొలతలకే గీశారు. ఫ్యాక్టరీ సిద్ధం కాకపోయేసరికి డిజైన్ కూడా ఆగిపోయింది. అందుకే 2015 నాటి స్కైలేక్ కోర్‌నే పేర్లు మార్చి, కోర్ల సంఖ్య పెంచి, 2020 దాకా అమ్మవలసి వచ్చింది.

ఏఎండీకి ఈ బంధం 2009లోనే తెగిపోయింది, అదీ ఇష్టపడి తెంచుకున్నది కాదు. అప్పుల భారంతో ఫ్యాక్టరీలను అబుధాబి పెట్టుబడితో ఏర్పడిన గ్లోబల్‌ఫౌండ్రీస్‌కు అప్పగించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ సంస్థ దగ్గరే వేఫర్లు (చిప్‌లు ముద్రించిన సిలికాన్ పలకలు) కొనాలన్న ఒప్పందం మెడకు గుదిబండగా ఉండేది. 2018 ఆగస్టులో గ్లోబల్‌ఫౌండ్రీస్ తాను 7 నానోమీటర్ల ప్రయత్నం మానుకుంటున్నట్లు ప్రకటించింది. ఏఎండీ తన 7 నానోమీటర్ల పని మొత్తాన్ని తైవాన్‌లో ఇతరుల చిప్‌లు తయారుచేసే టీఎస్ఎంసీకి ఇచ్చింది. ఫ్యాక్టరీ లేకపోవడం అనే లోపమే అక్కడ స్వేచ్ఛగా మారింది.

ఇక చిప్లెట్ల, అంటే ఒకే ప్రాసెసర్‌గా కలిపే చిన్న చిప్ ముక్కల, సంగతి. 2019లో వచ్చిన ఏఎండీ జెన్ 2 డిజైన్‌లో 8 కోర్ల చిన్న ముక్క ఒకటి ఉంటుంది. దాని వైశాల్యం సుమారు 74 చదరపు మిల్లీమీటర్లు. డెస్క్‌టాప్ రైజెన్‌లో వాడేదీ, 64 కోర్ల ఎపిక్ సర్వర్ చిప్‌లో ఎనిమిది పెట్టేదీ ఆ ముక్కే. మెమరీ, పీసీఐ అనుసంధానాలు చూసే మధ్య ముక్కను పాత, చవక ప్రక్రియలోనే గ్లోబల్‌ఫౌండ్రీస్ చేసింది. వేఫర్ మీద ఎక్కడో ఒక దోషం పడితే పెద్ద చిప్ మొత్తం పోతుంది, చిన్న ముక్కల్లో ఒక్కటే పోతుంది. పైగా సర్వర్‌కు ఒకటి, డెస్క్‌టాప్‌కు ఒకటి అంటూ వేర్వేరు డిజైన్లు చేయించే స్తోమత ఆనాటి ఏఎండీకి లేదు. బీదరికంలో చేసిన పొదుపే తర్వాత ఆ సంస్థకు ప్రధాన ఆయుధమైంది. కాబట్టి నా జవాబు: వాటా కదలడానికి తొలి కారణం ఇంటెల్ ఫ్యాక్టరీ. ఆ సందు దొరికినప్పుడు వాడుకోగలిగే డిజైన్ చేతిలో ఉండటం ఏఎండీ ప్రతిభ.

చంద్రవంక_చిప్స్

వేఫర్‌వాసి గారూ, టీఎస్ఎంసీ ముందుకు వెళ్లడానికి ఈయూవీ (అతి చిన్న తరంగదైర్ఘ్యపు కాంతితో గీతలు ముద్రించే) యంత్రాలను వాడటమే కారణమని చాలా చోట్ల చదివాను. మీరు దాన్ని ప్రస్తావించలేదేమి?

వేఫర్‌వాసి

జెన్ 2 తయారైన మొదటి 7 నానోమీటర్ల ప్రక్రియలో ఈయూవీ లేదండి. టీఎస్ఎంసీ దాన్ని ఆ తర్వాతి రూపాంతరంలోనే వాడింది. అంటే ఇంటెల్ తడబడిన చోట టీఎస్ఎంసీ అదే పాత తరహా కాంతితో, మరీ అంత పెద్ద అంగ వేయకుండా దాటింది. యంత్రం తేడా కన్నా లక్ష్యం పెట్టుకోవడంలో తేడా పెద్దదని నా అభిప్రాయం.

గోదారి64

ఇప్పటివరకూ అందరూ 2017 నుంచే మొదలుపెట్టారు. 2003-2006 మధ్య ఏం జరిగిందో చూడకపోతే "మంచి చిప్ ఉంటే వాటా దానంతట అదే వస్తుంది" అన్న భ్రమ తొలగదు.

పాత ప్రోగ్రాములు యథాతథంగా నడిచేలా ఎక్స్86 ను 64 బిట్లకు విస్తరించింది ఏఎండీయే. 2003 ఏప్రిల్‌లో సర్వర్ల కోసం ఆప్టెరాన్, సెప్టెంబరులో పీసీల కోసం అథ్లాన్ 64 వచ్చాయి. ఇంటెల్ మాత్రం ఇటేనియం అనే పూర్తిగా వేరైన మార్గాన్ని నమ్ముకుంది. చివరకు 2004లో ఏఎండీ విస్తరణనే తన జియాన్ సర్వర్ చిప్‌లలోకి తీసుకుంది. అదే ఏడాది వచ్చిన ప్రెస్కాట్ పెంటియం 4 వేడికి మారుపేరైంది. సాంకేతికంగా ఏఎండీకి అంతకన్నా మంచి కాలం అప్పటికి లేదు. అయినా ప్రపంచంలోనే అతి పెద్ద పీసీ తయారీదారుల్లో ఒకటైన డెల్ 2006 వరకూ ఒక్క ఏఎండీ చిప్‌నైనా తన కంప్యూటర్లలో పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో తర్వాత బయటపడింది. అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన ఎస్ఈసీ 2010లో డెల్ మీద వేసిన కేసులో చెప్పిన ప్రకారం, ఏఎండీని దూరంగా ఉంచినందుకు ఇంటెల్ నుంచి డెల్‌కు చెల్లింపులు అందేవి. 2006 తొలి నెలల నాటి ఒక త్రైమాసికంలో అవి డెల్ నిర్వహణ లాభంలో 76 శాతానికి సమానమయ్యాయి. ఆ సంగతిని వాటాదారులకు చెప్పనందుకు డెల్ 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. అంత సొమ్ము రిబేటు రూపంలో వస్తున్నప్పుడు పోటీ సంస్థ చిప్ ఎంత బాగున్నా, ఎంత చవకైనా, కొనుగోలు విభాగం లెక్కల్లో అది ఎన్నటికీ గిట్టుబాటు కాదు.

ఏఎండీ 2005 జూన్‌లో డెలావేర్‌లో దావా వేసింది. 2009 నవంబరులో ఇంటెల్ 125 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. కానీ అప్పటికి 2006 జులై నాటి ఇంటెల్ కోర్ 2 డ్యుయో దెబ్బ తగిలింది, గ్రాఫిక్స్ సంస్థ ఏటీఐని 540 కోట్ల డాలర్లకు కొన్న అప్పు మీద పడింది, ఫ్యాక్టరీలు చేజారాయి. మంచి చిప్ ఉన్న మూడేళ్లలో రావలసిన డబ్బు రాకపోవడం వల్లనే తర్వాతి చిప్‌కు పెట్టుబడి లేకపోయిందని నేననుకుంటాను. 2011 నాటి ఏఎండీ చిప్ బుల్డోజర్ చతికిలపడటానికి డిజైన్ తప్పులే కారణమని చెప్పేవారు ఈ వరసను కూడా చూడాలి.

చంద్రవంక_చిప్స్

ఇలాంటి రిబేట్లకే ఐరోపాలో ఇంటెల్‌కు వేసిన జరిమానాను అక్కడి కోర్టు కొట్టేసింది కదండీ? అటువంటప్పుడు ఇంటెల్ తప్పు చేసిందని ఎలా అంటాము?

గోదారి64

కొట్టేసిన భాగమేదో, నిలిచిన భాగమేదో వేరు చేసి చూడాలి. ఐరోపా కమిషన్ 2009లో 106 కోట్ల యూరోల జరిమానా వేసింది. షరతులతో కూడిన రిబేట్లు పోటీదారును వెళ్లగొట్టగలిగాయని కమిషన్ చేసిన విశ్లేషణ సరిగా లేదని 2022 జనవరిలో జనరల్ కోర్టు ఆ జరిమానాను రద్దు చేసింది. 2024 అక్టోబరులో పై కోర్టు కూడా దాన్నే సమర్థించింది. ఏఎండీ చిప్‌లున్న నిర్దిష్ట మోడళ్లను ఆపడానికి, ఆలస్యం చేయడానికి హెచ్‌పీ, ఏసర్, లెనోవోలకు ఇచ్చిన చెల్లింపుల విషయంలో మాత్రం తప్పు జరిగిందన్న నిర్ణయం నిలిచింది. దాని మీదే కమిషన్ 2023 సెప్టెంబరులో 37.6 కోట్ల యూరోల జరిమానాను మళ్లీ వేసింది.

పార్క్‌లేన్_కౌంటర్

కొటేషన్ల మాట నేను ఊరికే అనలేదని గోదారి64 గారి వివరణతో తేలింది. టెండరులోనే ఒక సంస్థ పేరు రాసే అలవాటు మన దగ్గరే కాదు, ఐరోపాలోనూ ఉండేది. కొన్ని సభ్యదేశాల ప్రభుత్వ టెండర్లలో ఇంటెల్ పేరు రాయడాన్ని అక్కడి కమిషన్ 2004లో తప్పుపట్టింది.

సర్వర్‌సారథి

డేటా సెంటర్ నిర్వహణ నా వృత్తి. సర్వర్ వాటా ఎందుకు నెమ్మదిగా కదులుతుందో, ఒకసారి కదిలాక ఎందుకు వెనక్కి రాదో చెబుతాను.

ఒక క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో) పదుల కొద్దీ ఇంటెల్ హోస్టులు, అంటే ఇంటెల్ చిప్‌లున్న సర్వర్లు, ఉన్నాయనుకోండి. వాటి మీద నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌ను) ఆపకుండానే ఒక హోస్టు నుంచి మరొకదానికి తరలించవచ్చు. మరమ్మతు వచ్చినా, ప్యాచ్ వేయాలన్నా మా పని అంతా ఆ సౌకర్యం మీదే ఆధారపడి ఉంటుంది. అదే క్లస్టర్‌లో ఒక ఏఎండీ హోస్టును చేరిస్తే, దాని మీదికి వర్చువల్ మెషీన్‌ను నడుస్తుండగా పంపలేము. ఆపి, తరలించి, మళ్లీ మొదలుపెట్టాలి. రెండు చిప్‌లూ ఎక్స్86 వే అయినా సూచనల చిన్న చిన్న తేడాలు అందుకు అడ్డం వస్తాయి. అందువల్ల ఎవరూ నాలుగు సర్వర్లు కొని రుచి చూడరు. మారితే క్లస్టర్ మొత్తం మారాలి, అదీ పాత సర్వర్ల వారంటీ ముగిసే సమయానికి. నాలుగైదేళ్లకొకసారి వచ్చే ఆ అవకాశంలో ఏఎండీ ప్రతిసారీ సిద్ధంగా ఉండాలి. 2017లో మొదటి ఎపిక్ వచ్చినప్పుడు చాలామంది వేచి చూశారు. 2019లో 64 కోర్లతో రెండోది, 2021లో మూడోది అనుకున్న కాలానికి వచ్చాకనే కొనుగోలు కమిటీలకు నమ్మకం కుదిరింది. బుల్డోజర్ కాలంలో ఏఎండీని నమ్మి ఇరుక్కున్న మేనేజర్లు అప్పటికి ఇంకా ఆ కమిటీల్లో ఉన్నారని మరచిపోకూడదు.

లైసెన్సుల కోణం కూడా ఉంది. సాకెట్ లెక్కన సాఫ్ట్‌వేర్ కొనే రోజుల్లో 64 కోర్ల చిప్ అంటే పండగే. వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎంవేర్ 2020లో ఒక లైసెన్సును సాకెట్‌కు 32 కోర్ల వరకే పరిమితం చేయడంతో ఆ లాభం కొంత తగ్గింది.

బిట్టు_బైటు గారు ఇచ్చిన 24.2 శాతం అన్నది చిప్‌ల సంఖ్య పరంగా వచ్చిన వాటా. అదే త్రైమాసికంలో సర్వర్ ఆదాయం పరంగా చూస్తే ఏఎండీది దాదాపు 34 శాతం. ఖరీదైన, ఎక్కువ కోర్లున్న చిప్‌లు అటు పోయి, చిన్న సర్వర్లు, నిల్వ పరికరాలు, నెట్‌వర్క్ పెట్టెల్లోకి వెళ్లే చవక చిప్‌లు ఇంటెల్ దగ్గర మిగిలాయన్న మాట. నా దృష్టిలో ఇంటెల్‌కు అసలు నొప్పి ఉన్నది ఈ రెండు అంకెల మధ్య దూరంలోనే.

హిల్స్‌బరో_తెలుగు

ఇంటెల్ ప్రధాన పరిశోధన ఫ్యాక్టరీలున్న ఓరెగన్ రాష్ట్రపు ఊరిలో ఉంటున్నాను కనుక నా మాటల్లో కొంత పక్షపాతం ఉందనుకున్నా ఫరవాలేదు. ల్యాప్‌టాప్ వాటా గురించి ఎవరూ లోతుగా మాట్లాడలేదు. బిట్టు_బైటు గారి ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

ల్యాప్‌టాప్ కొనేవాడు చిప్ కొనడు, తయారైన వస్తువు కొంటాడు. 2003లో ఇంటెల్ సెంట్రినో పేరుతో ప్రాసెసర్, చిప్‌సెట్, వైఫై మూడింటినీ కలిపి ఇచ్చినప్పటి నుంచి తయారీదారులకు అలవాటైన పద్ధతి ఒకటుంది. బోర్డు నమూనా, వేడి పరీక్షలు, బ్యాటరీ సర్దుబాటు, ప్రకటనల ఖర్చులో వాటా, వీటన్నిటిలో ఇంటెల్ మనుషులు తయారీదారు పక్కన కూర్చుని పని చేస్తారు. దీన్ని రిబేటు అనలేము. ఏఎండీకి చాలాకాలం అంతమంది మనుషులు లేరు.

రెండోది సరఫరా. ఇంటెల్‌కు 2018లో 14 నానోమీటర్ల చిప్‌ల కొరత వచ్చిన మాట నిజమే, అప్పుడు చవక రకాలు దొరకలేదు. కానీ 2020లో లాక్‌డౌన్ వల్ల ల్యాప్‌టాప్‌లకు గిరాకీ పెరిగినప్పుడు, సొంత ఫ్యాక్టరీలున్న ఇంటెల్ లక్షల సంఖ్యలో చిప్‌లు ఇవ్వగలిగింది. ఏఎండీ చేతిలో రైజెన్ 4000 లాంటి మంచి ల్యాప్‌టాప్ చిప్ ఉంది. టీఎస్ఎంసీ వేఫర్లను మాత్రం అది ఎపిక్‌కు, డెస్క్‌టాప్ రైజెన్‌కు, ఆ ఏడాది నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్‌లకు పంచవలసి వచ్చింది. ఒకే వేఫర్‌తో సర్వర్ చిప్ చేస్తే వచ్చే లాభం చవక ల్యాప్‌టాప్ చిప్‌తో రాదు. కొంత వాటాను ఏఎండీ తెలిసే వదులుకుందని నాకనిపిస్తుంది.

ఒక పక్క మాట. ఈ రెండు సంస్థల మధ్య గోడ బయటివాళ్లు అనుకున్నంత ఎత్తుగా ఉండదు. ఇంటెల్‌లో పెంటియం రూపకల్పనలో ప్రముఖుడైన వినోద్ ధామ్ తర్వాత నెక్స్‌జెన్‌లో చేరారు. ఆ సంస్థను ఏఎండీ కొన్నాక కే6 ప్రాసెసర్ ఆయన ఆధ్వర్యంలోనే రూపుదిద్దుకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరి 2017 నవంబరులో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగాన్ని వదిలి ఇంటెల్‌కు వచ్చారు.

పార్క్‌లేన్_కౌంటర్

2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లలో వోల్టేజీ సమస్య బయటపడి, మైక్రోకోడ్ (చిప్ లోపలి నియంత్రణ ప్రోగ్రాము) సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించినప్పుడు కౌంటర్ దగ్గర మాట తీరు మారింది. అంతకుముందు "ఏఎండీ వేడెక్కుతుందట కదా" అని బుల్డోజర్ నాటి మాటే అడిగేవారు. ఇప్పుడు ఆ ప్రశ్న ఇంటెల్ మీదికి తిరిగింది.

బిట్టు_బైటు

చాలా విషయాలు తేటపడ్డాయి. ఒక సందేహం మిగిలింది. ఈ లెక్కలన్నీ ఎక్స్86 లోపలివే. యాపిల్ 2020 నవంబరులో ఎం1 తో ఇంటెల్‌ను వదిలేసింది. అమెజాన్ 2018 నుంచి తన గ్రావిటాన్ చిప్‌లతో సర్వర్లను అద్దెకిస్తోంది. 2024లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ తో విండోస్ ల్యాప్‌టాప్‌లలోకి వచ్చింది. ఇవన్నీ ఎక్స్86 కాక ఆర్మ్ అనే వేరే సూచనల భాషను పాటించే చిప్‌లు. వీటిని కలిపితే ఏఎండీ గెలుపు ఎంత మిగులుతుంది?

సర్వర్‌సారథి

మంచి ప్రశ్న. మ్యాక్‌లలోకి వెళ్లే చిప్‌లు ఇంటెల్ ఖాతాలో ఉండేవి. అవి పోయినప్పుడు ఎక్స్86 మొత్తమే తగ్గింది, ఏఎండీ ఒక్క చిప్ కూడా అదనంగా అమ్మకుండానే దాని శాతం కొద్దిగా పెరిగింది. క్లౌడ్‌లోనూ ఇదే జరుగుతోంది. అమెజాన్ 2018 నవంబరులో ఏఎండీ సర్వర్లను ఇంటెల్ కన్నా 10 శాతం తక్కువ ధరకు పెట్టింది, అదే నెలలో గ్రావిటాన్‌ను కూడా ప్రకటించింది. అంటే ఏఎండీకి తలుపు తెరిచిన నెలలోనే దాని పోటీదారును కూడా లోపలికి తెచ్చింది. 2024 అక్టోబరులో ఇంటెల్, ఏఎండీ కలిసి ఎక్స్86 సలహా బృందాన్ని ఏర్పాటు చేసుకున్నాయంటే, దశాబ్దాల దావాలను పక్కన పెట్టించినది ఆర్మ్ భయమే అయ్యుండాలి.

వేఫర్‌వాసి

సరఫరా గురించి హిల్స్‌బరో_తెలుగు గారు అన్నదానికి కొనసాగింపు. 2024లో వచ్చిన లూనార్ లేక్, ఆరో లేక్ చిప్‌లలో కోర్లున్న ముక్కను ఇంటెల్ తానుగా చేయలేదు, టీఎస్ఎంసీ చేత చేయించింది. అంటే రెండు ప్రత్యర్థులూ, యాపిల్, ఎన్విడియాలతో సహా, ఒకే గుమ్మం ముందు వరుసలో నిలబడ్డాయి. ఆ వరుసలో ముందు నిలబడేది ఎక్కువ ముందస్తు సొమ్ము ఇవ్వగలిగినవాడే. అరిజోనాలో సొంత 18ఏ తయారీ ప్రక్రియ మీద చేస్తున్న పాంథర్ లేక్ చిప్ ఇంటెల్‌కు ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. అది తగినన్ని సంఖ్యలో, నష్టం లేని ధరకు రాగలిగితే ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ మళ్లీ తన వరుసలో తానే నిలబడుతుంది.

చంద్రవంక_చిప్స్

మరి 2025 సెప్టెంబరులో ఎన్విడియా ఇంటెల్‌లో 500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది కదా, దాని ప్రభావం ఎవరి మీద ఎక్కువ?

వేఫర్‌వాసి

నా అంచనాలో ఏఎండీ ల్యాప్‌టాప్‌ల మీద. ఆ ఒప్పందం ప్రకారం ఇంటెల్ ప్రాసెసర్ పక్కన ఎన్విడియా గ్రాఫిక్స్ ముక్కను ఒకే ప్యాకేజీలో పెట్టి పీసీ చిప్‌లు చేస్తారు. ఎన్విడియా సర్వర్ల కోసం కూడా ఇంటెల్ ప్రత్యేక ఎక్స్86 చిప్‌లు చేసి ఇస్తుంది. ప్రాసెసర్‌తో పాటు గట్టి గ్రాఫిక్స్ కూడా సొంతంగా ఉన్నాయన్న ఏఎండీ బలం ల్యాప్‌టాప్‌లలో అప్పుడు పలుచబడుతుంది. సంఖ్య పరంగా అటువంటి చిప్ అమ్ముడైతే అది ఇంటెల్ వాటాలోకే వస్తుంది, అందులోని లాభం ఎవరికెంతన్నది ఆ రెండు సంస్థల మధ్య ధరల మీద ఆధారపడి ఉంటుంది. సర్వర్‌సారథి గారు చూపిన సంఖ్య-ఆదాయం తేడాను ల్యాప్‌టాప్‌లకు కూడా వేసి చూడవలసిన రోజు అప్పుడు వస్తుంది.